చారు నిలిచే ఆకు

మా మేనత్త పోయిన సంగతి నాకు బడిలో ఉండగా తెలిసింది. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడికి పలమనేరు నుంచి ట్రంకాల్ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గారు మనిషిని పంపి పిలిపించి ఫోను నా చేతికిచ్చారు. అవతల మా తమ్ముడు. "అత్త పోయిందక్కా. పొద్దన కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టింది, గోడకి ఆనుకునింది, అంతే" అన్నాడు. లైను గరగరమంటుంటే వాడే మళ్లీ గొంతు పెంచి, "వీధిలో వాళ్లంతా వచ్చి అటక మీద ఎతకతా ఉండారు. ఆకులు కుట్టి పెట్టిందేమో అని" అన్నాడు.

మొదటి మాటకు రాని ఏడుపు ఆ రెండో మాటకు వచ్చింది. అది ముప్పాతిక వంతు సిగ్గుతో వచ్చిన ఏడుపు. చనిపోయిన మనిషి తన కర్మాంతరం భోజనాలకు తనే విస్తరాకులు కుట్టి అటక మీద దాచి ఉంటుందని ఒక వీధి వీధంతా నమ్మడానికి కారణం నేను. నేను రాసిన ఒక కథ. ఆ కథ సంగతి చెప్పే ముందు అత్త ఎవరో చెప్పాలి. నేను ఆ రోజుల్లో ఈ వరస తప్పాను కాబట్టే ఇంత జరిగింది.

అత్త మా నాయనకు చెల్లెలు. నాలుగేళ్ల వయసులో జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఎడమచేతికి కూడా పట్టు తక్కువ. బెంగుళూరు రోడ్డు మీద మా ఇల్లు. ముందుభాగంలో నాయన చిల్లర అంగడి, దాని పక్కనే రోడ్డు వైపు కిటికీ ఉన్న చిన్న గది. ఆ గదిలో కిటికీ కింద చాప, చాప మీద అత్త. తెల్లారి అమ్మ ఆమెను పెరట్లోకి ఎత్తుకెళ్లి స్నానం చేయించి తెచ్చి కూర్చోబెడితే, మళ్లీ పడుకునే వేళకే ఆ చోటు కదలడం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఎత్తు నాకు కిటికీ చువ్వలతోనే గుర్తు. కూర్చుంటే కింది నుంచి రెండో అడ్డచువ్వ దగ్గరికి తల వచ్చేది.

ఆమె పని విస్తరాకులు కుట్టడం. అడవి అంచు పల్లెల నుంచి ఆడవాళ్లు మోదుగాకు మోపులు తెచ్చి దించేవాళ్లు. ఎండిన ఆకు మీద నీళ్లు చిలకరించి, గోనెపట్ట కప్పి, మెత్తబడ్డాక కుట్టాలి. మధ్యలో ఒక పెద్దాకు, దాని చుట్టూ ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేట్టు మిగిలిన ఆకులు, సన్నగా చీల్చిన వెదురు పుల్లతో గుచ్చి, మిగిలిన కొన విరిచెయ్యడం. అందరూ ఎడమచేత్తో ఆకు పట్టుకుని కుడిచేత్తో కుడతారు. అత్త ఎడమ మోచేత్తో ఆకును ఒళ్లో అదిమిపెట్టి కుట్టేది. పుల్లలు కొప్పులో గుచ్చుకునేది. ఒక్కో పుల్లా తీసి వాడుతుంటే మధ్యాహ్నానికి కొప్పు పలచబడేది. "నా తల్లో పూలు ఇవేమే" అని నవ్వేది. మా అమ్మ ఒక ఆకు కుట్టే లోపల అత్త సగం ఆకు కుట్టేది. కానీ అత్త కుట్టిన ఆకులో చారు పోస్తే చుక్క కింద పడేది కాదు. పలమనేరులో చారు నిలిచే ఆకు కావాలంటే మా అంగడికే రావాలని పేరు.

ఇక ఆ పేరుతో పాటు వచ్చిన ఇంకో పేరు. ఎదురిల్లు చెనక్కాయల వ్యాపారం చేసే వాళ్లది. ఆ ఇంటావిడను అత్త వదినా అని పిలిచేది, మేం పిల్లలం పెద్దమ్మా అనేవాళ్లం. డెబ్బైల మొదట్లో, నేను ఇంకా ఎలిమెంటరీ బళ్లో ఉండగా, ఆమె ఒక పొద్దున పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆడబిడ్డకు సంబంధం కుదిరిందట, మగపెళ్లివాళ్లు తొందరపడుతున్నారట, పది రోజుల్లో పెళ్లట. "ఆకులకి ఏం చేసేది, నువ్వేమో నిదానస్తురాలివి" అని తల పట్టుకుంది. అత్త గోనెపట్ట తీసింది. దాని కింద కట్టలు కట్టి ఉన్నాయి. "ఇంకొంచెం తక్కువ పడతాయి. వారంలో అయిపోతాది" అంది. పెద్దమ్మ ఆ కట్టల వంకా అత్త ముఖం వంకా మార్చి మార్చి చూసి, రెండు చెంపలూ వాయించుకుని, "నీ నోట్లో ఏదో ఉండాది తల్లీ" అని వెళ్లిపోయింది. నోట్లో కాదు, గోనెపట్ట కింద ఉంది అని అప్పుడే ఎవరైనా అని ఉంటే బాగుండేది.

ఎలా తెలిసిందని ఆ సాయంత్రం అత్తను పట్టుకున్నాను. ఆమె లెక్కచేసి చెప్పింది. ఎదురింట్లో సున్నం బస్తాలు దిగాయి, పండగ ఏదీ దగ్గర్లో లేదు. టైలరు మూడుసార్లు వచ్చి పోయాడు. ఆ పిల్ల నెల రోజులుగా బావి దగ్గరికి రావడం మానేసింది, నీళ్లు వాళ్లమ్మే మోస్తోంది. "ఇంకేం కావాల? నువ్వూ ఆ వాకిట్లోనే కదా తొక్కుడుబిళ్ల ఆడేది. సూళ్లేదా?" అంది. నేను చూడలేదు. "కాళ్లుండేవాళ్లు కబురు వచ్చినాక బయల్దేరొచ్చు పాపా. నా చెయ్యి నిదానం. నేను కబురుకంటే ముందే బయల్దేరాల" అంది. ఆమె నాకు చెప్పిన మాటల్లో నేను సరిగా వినని మాట ఇదే.

ముందే బయల్దేరడం పెళ్లిళ్లకైతే సంతోషమే. చావులకు కూడా ఆమె ముందే బయల్దేరాలి కదా. ఆ సంగతి ఇంట్లో నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. ఎదురింటి పెద్దాయనకు, అంటే పెద్దమ్మ మామగారికి, ఒక వానాకాలం బాగా జబ్బు చేసింది. చిత్తూరు నుంచి డాక్టరు వచ్చి చూసి ముఖం వేలాడేసుకుని పోయాడు. దూరపు చుట్టాలు సంచులతో దిగారు. అత్త ఆ వారం కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుని, ఎవరికీ కనబడకుండా ఆకులు కుట్టింది. నేను చూశాను. "ఎవరికి అత్తా?" అంటే, "ఏదో ఒకదానికి" అంది. ఆమె నాతో ముఖం చాటేసి మాట్లాడింది అప్పుడొక్కసారే.

పెద్దాయన పోలేదు. నెల తిరిగేసరికి లేచి కూర్చున్నాడు, రెండు నెలలకు చేతికర్ర పట్టుకుని రోడ్డు దాటి మా అంగడికి పొగాకు కోసం వచ్చాడు. అత్త ఆయన్ని చూసి ఎంత సంబరపడిందో! ఆ లోపల పెద్దమ్మకు ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజు భోజనాలకు ఆకులు కావాలన్నారు. అత్త వీపు వెనకున్న కట్టలు ముందుకు లాగి ఇచ్చేసింది. పెద్దాయన చావుకు కుట్టిన ఆకుల్లో పెద్దాయనే కూర్చుని పాయసం తింటుంటే, కిటికీలోంచి చూస్తూ అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నేను తప్పినాను సూడు పాపా, ఎంత బాగా తప్పినానో!" అంది. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

ఇంత తెలిసిన నేనే ఆ కథ రాశాను.

తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో నాకు నవలల పిచ్చి పట్టింది. లైబ్రరీలో దొరికినవల్లా చదివాను. వాటిలో ఎక్కడ చూసినా ఒక గుడ్డి ముసలాయన, ఒక కుంటి పిల్ల, మంచం పట్టిన ఒక అవ్వ. వాళ్లకు రేపు జరగబోయేది ఇవాళే తెలిసిపోతుంది. వాళ్లు ఒక మాట అంటారు, అందరూ నవ్వుతారు, ఆ మాట నిజమవుతుంది, వాళ్లు కన్నుమూస్తారు. అది చదివి నేను దిండు తడిసేలా ఏడ్చేదాన్ని. నాకు తెలిసిన మనిషి ఒకరు మా ఇంట్లోనే ఉన్నారని అప్పుడు వెలిగింది. మూడు రోజుల్లో కథ రాశాను. కిటికీ దగ్గర కూర్చుని ఆకులు కుట్టే కాళ్లు లేని పిల్ల. దేవుడు ఆ పిల్లకు కాళ్లు తీసుకుని కళ్లిచ్చాడని రాశాను. ఊరిలో ప్రతి పెళ్లీ ప్రతి చావూ ఆ పిల్లకు ముందే తెలుస్తుంది. చివరికి ఎవరికీ చెప్పకుండా తన కర్మకు తనే ఆకులు కుట్టుకుని, ఆఖరి ఆకులో ఆఖరి పుల్ల గుచ్చి, తల వాల్చేస్తుంది. వారపత్రికలో అచ్చయింది, బొమ్మతో సహా. బొమ్మలో కిటికీకి రెండో చువ్వ దగ్గర తల ఉంది. నేను మురిసిపోయాను.

పలమనేరులో ఆ పత్రిక మంగలి అంగడికి వచ్చింది, అక్కడి నుంచి ఇంటింటికీ తిరిగింది. ఎవరి గురించో విడమర్చి చెప్పాల్సిన పనే లేకపోయింది. దసరా సెలవులకు ఇంటికి వెళ్లేసరికి అత్త గది గుమ్మానికి పసుపు రాసి ఉంది. కిటికీలో నిమ్మకాయలు. చాప ముందు ఇద్దరు ఆడవాళ్లు, నాకు తెలియనివాళ్లు, అత్త పాదాలకు కుంకుమ పెడుతున్నారు. ఆ పాదాలను అత్త ఎప్పుడూ చీర కుచ్చిళ్ల కింద దాచుకునేది. నూనె రాయడానికి మా అమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకునేవాళ్లు కారు. వాళ్లు కుచ్చిళ్లు పైకి తోసి, వేళ్లు విడదీసి మరీ కుంకుమ పెడుతున్నారు. కాళ్లు లాక్కోవడం ఆమెకు చేతకాదు. నా వంక చూసింది. కోప్పడి ఉంటే బాగుండేది.

గదిలో గోనెపట్ట కింద ఆకులు లేవు. నాయన్ని అడిగాను. నాయన తూకం రాళ్లు సర్దుతూ, నా వైపు తిరక్కుండా, "ఆకులకి ఎవరూ చెప్పడం లేదు" అన్నాడు. "దేవత కుట్టిన ఆకులో తిని ఎంగిలి చేసి దిబ్బలో పారేస్తే కళ్లు పోతాయంట. ఎదురింటోళ్ల పిల్లోడికి పెండ్లి కుదిరింది, ఆకులకి గంగవరం పోతా ఉండారు. మోపులు తెచ్చే ఆడోళ్లని నేనే ఎనక్కి పంపిస్తా ఉండా. బాగా రాసినావు పాపా" అన్నాడు. నాయన నన్ను అంత మెత్తగా ఎప్పుడూ తిట్టలేదు.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అత్త ఆ కథ చదివి వినిపించమంది. "అచ్చులో సగం సగం సదివినా. నీ నోట్తో సదువు" అంది. చదివాను. అంతా విని, కొప్పులో చెయ్యి పెట్టి, పుల్లలు లేవని గుర్తొచ్చి చెయ్యి దించేసింది. "ఆ పిల్లకి వీపు దురద పెడితే ఎవురు గోకుతారు?" అని అడిగింది. "స్నానం ఎవురు చేపిస్తారు? వాళ్లొదినకి నడుం నొప్పి వచ్చిన రోజు ఏం చేస్తాది? ఊర్లో అందురికీ ఏం జరగతాదో తెలుసు, ఆ పిల్లకేం కావాలో ఆ పిల్ల ఒక్క మాటన్నా అనదే. దానికి పకోడీలంటే ఇష్టం లేదా?" అత్తకు పకోడీలంటే ప్రాణం. నేను అది రాయలేదు.

"కాళ్లు తీసుకోని కళ్లిచ్చినాడని రాసినావే, ఎవురు చెప్పినారు నీకు? బేరమా అది? నాకు అట్లా ఏం ఇయ్యలేదమ్మే. నేను కూర్చోని సూసి సూసి తెలుసుకున్నా" అంది. బొమ్మ మీద వేలు పెట్టి, "ఎందుకు చంపినావు దాన్ని?" అంది.

"అట్లయితే కథ బాగుంటుందని."

"ఎవురికి?"

నేను ఏడ్చాను. పత్రికకు ఉత్తరం రాస్తాననీ, లేదంటే ఇంకో కథ రాసి సరిచేస్తాననీ అన్నాను. "వద్దు తల్లీ, ఇంకోటి రాస్తే ఇంకో గుడి కట్టిస్తావు. నాకు గుడి వద్దు, పని కావాల. పెరట్లో ఎండిన ఆకు కొంచెం ఉండాది, తీసుకోని రా. కూర్చోని కుట్టు" అంది. ఆ సెలవులన్నీ ఆమె పక్కన కూర్చుని కుట్టాను. నా ఆకుల్లో చారు పోసి చూపించేది. ధారగా కారేది. "రాసేది కాదు, ఇట్లా ఆనాల" అని అంచు మీద అంచు వేసి వేలితో అదిమి చూపించేది.

దేవత పదవి నుంచి దిగడానికి ఆమె మొదట ఒక ఉపాయం చేసింది. శనివారం కుండపోత వాన పడుతుందనీ, మిద్దె మీద ఎండబెట్టిన చెనక్కాయలు ఎత్తేయమనీ పెద్దమ్మకు గట్టిగా చెప్పింది. ఎదురింటివాళ్లు ఇంటిల్లిపాదీ నడుములు విరిగేలా ఎత్తారు. శనివారం పెళపెళమని ఎండ కాసింది. అత్త కిటికీలో కూర్చుని తిట్ల కోసం ఎదురుచూసింది. పెద్దమ్మ టెంకాయ పట్టుకుని వచ్చింది. పక్క ఊళ్లో వాన పడిందట. "నువ్వు నోటితో అనబట్టి వాన మమ్మల్ని తప్పించుకుని పక్కకి పోయింది తల్లీ" అని దండం పెట్టింది. అత్త నా వైపు తిరిగి, "వీళ్లతో తప్పేది కూడా కష్టమే" అంది.

మరుసటి రోజు ఎదురింటి పెద్దాయనే స్వయంగా వచ్చాడు. మనవడి పెళ్లి శుభలేఖ పళ్లెంలో పెట్టుకుని, వెనక పెద్దమ్మా, ఇంకా నలుగురైదుగురు వీధివాళ్లూ. మొదటి శుభలేఖ అత్త పాదాల దగ్గర పెట్టాలని వాళ్ల ఆలోచన. ఆయన వయసు అప్పటికి ఎనభైకి తక్కువ ఉండదు. కర్ర పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా వంగాడు. అత్త చిన్నప్పుడు ఆమెను భుజం మీద ఎక్కించుకుని గంగమ్మ జాతర చూపించిన మనిషి ఆయన. ఆ చేతులు తన పాదాల వైపు వస్తుంటే అత్త ముఖం పాలిపోయింది. కుడిచేత్తో ఆయన మణికట్టు పట్టేసింది.

"లెయ్యి పెదనాయనా. నీ చావుకి ఆకులు కుట్టినదాన్ని నేను. నాకు మొక్కద్దు" అంది.

పెద్దమ్మ నోరు తెరిచి అలాగే ఉంది. అత్త ఆగలేదు. ఆ వానాకాలం జబ్బు చేసినప్పుడు డాక్టరు ముఖం చూసి, చుట్టాల సంచులు చూసి, ఇక లాభం లేదనుకుని కుట్టానని, ఎవరికీ కనబడకుండా దాచానని, అంతా చెప్పేసింది. "నాకు వాక్కే ఉంటే నువ్వు బతుకుతావని తెలిసుండాల కదా? తెలీలేదు. నిన్ను సంపేసుకుని కూర్చున్నా" అంది. ఆ ఇంటికీ మా ఇంటికీ ఉన్న ముప్పై ఏళ్ల స్నేహం ఆ మాటతో తెగిపోతుందేమోనని నాకు భయమేసింది. ఆమెకూ అదే భయం. అయినా చెప్పింది.

పెద్దాయన గొంతుక్కూర్చునే ఉన్నాడు. తలెత్తి, "ఎన్ని కుట్టినావు?" అన్నాడు.

"మూడొందలు."

"అంతేనా?" ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది. "నాకు మూడొందల మందే వస్తారనుకున్నావా పాపా?"

ముందు నవ్వింది నాయన, అంగడిలోంచి. తర్వాత అందరం. అత్త నవ్వుతూనే ఏడ్చేసింది. "యాడ పోయినాయి ఆ ఆకులు?" అని పెద్దాయన అడిగితే, "మనవరాలికి పేరు పెట్టిన దినం నువ్వు పాయసం తిన్లా? వాటిలోనే" అంది. ఆయన కొంచెం ఆలోచించి, "బాగుండె పాయసం" అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "నా చావాకులోనే నేను తిని, ఎంగిలి చేసి, దిబ్బలో పారేసినా. నాకేమైంది? కళ్లు పోయినాయా? గంగవరం పోయేది లేదు, ఏమీ లేదు. పెండ్లికి ఈ పాపే కుడతాది. ఈసారి లెక్క సరిగ్గా అడుక్కోని కుట్టమను" అన్నాడు.

ఆ సాయంత్రం గుమ్మం పసుపు అమ్మ కడిగేసింది. నిమ్మకాయలు ఊరగాయలోకి పోయాయి. మోపులు మళ్లీ దిగాయి. అత్త కొప్పు మళ్లీ పుల్లలతో నిండింది. అయితే అప్పటి నుంచి ఆమె ఒక జాగ్రత్త నేర్చుకుంది. ఎవరైనా శుభవార్త పట్టుకుని వస్తే, "అట్లనా! నాకు తెలీనే తెలీదే!" అని బుగ్గ మీద వేలు పెట్టుకునేది. గోనెపట్ట కింద అప్పటికే సగం కట్టలు ఉండేవి, నాకు తెలుసు. వాళ్లు వెళ్లాక నన్ను చూసి కన్ను గీటేది. ముందే తెలిసినందుకు వచ్చే ఆ కాస్త మెప్పు కూడా వదులుకుంది. తన పని తనకు మిగిలితే చాలనుకుంది. "నేనుండంగా నా గురించి రాయొద్దు. పోయినాక రాస్తే, ఆకులు కుట్టేదని రాయి. చారు నిలిచేదని రాయి" అని నాతో ఇంకో ఒట్టు వేయించుకుంది. రాస్తున్నాను.

ట్రంకాల్ వచ్చిన రోజు నేను చిత్తూరులో బస్సు మారి, మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. కొప్పులో పుల్లలు అలాగే ఉన్నాయి, ఎవరికీ తీయబుద్ధి కాలేదట. అటక వెతకడం అప్పటికి అయిపోయింది. దుమ్మూ, పాత తట్టలూ తప్ప ఏమీ లేవు. జనం ముఖాల్లో దిగులుతో పాటు ఒక ఆశాభంగం కూడా ఉంది. "అయ్యో, ఆమె సంగతి ఆమెకి తెలీకపాయనే" అని ఒకామె నాతో అంది, నన్ను ఓదార్చడానికి. ఆమెకు తెలియకపోవడం ఎంత మంచిదో ఆమెకెలా చెప్పను? పొద్దున కాఫీ తాగుతూ మా అత్త తన చావు గురించి ఆలోచించడం లేదు. నేను కథ రాస్తే అటక మీద కట్టలు దొరికేవి. అత్త నన్ను ఇంకోసారి తప్పని నిరూపించి పోయింది.

మూడో రోజు ఆమె చాప తీస్తుంటే గోనెపట్ట కింద కట్టలు కనబడ్డాయి. కొత్తగా కుట్టినవి, ఇంకా తడివాసన పోలేదు. అన్నిటి పైన సగం కుట్టిన ఆకు, పుల్ల గుచ్చి కొన విరవకుండా ఉంది. ఎవరికో తమ్ముడికీ తెలియదు, ఎవరూ చెప్పి కుట్టించుకోలేదట. నేను ఆమె చోట కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో తిరిగాను కానీ ఆ చోట కూర్చోవడం అదే మొదలు. రెండో చువ్వ దగ్గర నుంచి చూస్తే ఎదురింటి వాకిలి ఒక్కటే కనిపిస్తుంది, పటానికి చట్రం కట్టినట్టు. పెద్దమ్మ బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసి, గోడ దగ్గర నుంచి కాలువ దాకా అడుగులో అడుగు వేస్తూ కొలిచింది. పందిరికి కొలుస్తోంది. అడుగులు లెక్కపెడుతూ తలెత్తి, కిటికీలో నన్ను చూసి, దొంగలా ఆగిపోయింది.

సాయంత్రం తనే వచ్చింది. "పాపకి మదనపల్లె సంబంధం అనుకున్నాము. ఇంకా ఎవురికీ చెప్పలేదు. మీ ఇంట్లో చూస్తే ఇట్లా అయిపోయె" అంది. పాప అంటే పెద్దాయన పాయసం తిన్న రోజు పేరు పెట్టిన పాపే. నేను గోనెపట్ట ఎత్తి చూపించాను. ఆమె ఆ కట్టల ముందు కూలబడి, చాలాసేపు ఏడ్చింది. నాకు మళ్లీ భయం పట్టుకుంది. మళ్లీ చెంపలు వాయించుకుంటుందా, మళ్లీ నిమ్మకాయలు తెస్తుందా? లేక చనిపోయిన మనిషి చేతి ఆకులు శుభానికి పనికిరావంటుందా? ఒకటి కాకపోతే ఇంకొకటి. అత్త మామూలు మనిషిగా, ఆకులు కుట్టిన మనిషిగా ఉండటానికి ఇంత చోటు ఎప్పుడు దొరుకుతుంది?

పెద్దమ్మ ముక్కు చీది, కట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఇంకో వంద పడతాయి" అంది. నేను ఆమెనే చూస్తుంటే తలెత్తింది. "ఏం పాపా, అట్లా సూస్తావు? మా మామ చావాకుల్లో దానికి పేరు పెట్టినాము. ఆయన పోయి నాలుగేండ్లు కాలా, అంతదాకా రాయిలాగ తిరిగె. మీ అత్త ఆకుల్లో దాని పెండ్లి బువ్వ పెడితే ఏమైతాది? ఆ వంద నువ్వు కుట్టు. నీకు నేర్పింది కదా" అంది.

కర్మాంతరం భోజనాలు సంతలో కొన్న అరిటాకుల్లో జరిగాయి. బడికి సెలవు పొడిగించి, ఆ వందా కుట్టాను. సగం ఆకు కూడా నేనే పూర్తిచేశాను. ఆమె గుచ్చిన పుల్లల వరస ఎక్కడ ఆగిందో, నావి ఎక్కడ మొదలయ్యాయో గుడ్డివాడు తడిమినా చెప్పగలడు.

పోయిన వారం పెళ్లి జరిగింది. పందిట్లో బంతి కూర్చుంది. ఆకులు పరిచేవాళ్లను అడిగి ఆ సగమాకు నేనే వేయించుకున్నాను. పప్పు, కూర, పకోడీలు వడ్డించారు. పకోడీలు ఆమె వైపు పెట్టుకున్నాను. తర్వాత చారు వచ్చింది. అన్నంలో పోయగానే నా వైపు నుంచి సన్నగా ధార కట్టి నా చీర మీదికి కారింది. ఆమె వైపు చుక్క కదల్లేదు. నేను అన్నం ఆమె వైపుకు జరుపుకుని తిన్నాను.

తిన్నాక ఆ ఆకు పారేయబుద్ధి కాలేదు. కడిగి, ఆరబెట్టి, తిరుపతికి తీసుకుపోయి నా పుస్తకాల బీరువాలో దాచుకుందామని చాలా గట్టిగా అనిపించింది. మడవకుండా కూర్చున్నాను. బంతిలో అందరూ లేచిపోయారు. నన్ను చూసి పెద్దమ్మ, "ఏం పాపా, చారు బాగాలేదా?" అని అడిగింది. పసుపు పూసిన గుమ్మం గుర్తొచ్చింది, కుంకుమ పెట్టిన ఆ పాదాలు గుర్తొచ్చాయి.

"బాగుంది పెద్దమ్మా" అన్నాను. ఆకు మడిచి, ఎడమచేత్తో కారుతున్న చారు పట్టుకుంటూ పందిరి వెనక్కి తీసుకెళ్లి, దిబ్బ మీద వేశాను. అప్పటికే అక్కడ రెండు బంతుల ఆకులు పడి ఉన్నాయి. ఒక ఎర్రావు వచ్చి వాటిలో మూతి పెట్టి ఒక్కొక్కటీ లాక్కుని నములుతోంది. నేను చేతులు కడుక్కుని తిరిగి చూసేసరికి, వాటిలో నా ఆకు ఏదో ఆనవాలు దొరకలేదు.